రెండున్నర సెంటీమీటర్లు: ఎంతసేపు, ఎన్నిసార్లు, ఎక్కడ?

ట్రాక్టరును సాలు తప్పకుండా తనంతట తానే నడిపించే ఆటోస్టీర్ పరికరాల కరపత్రాలు నాలుగు వరసగా చదివితే ఒకే అంకె మళ్లీ మళ్లీ ఎదురవుతుంది: రెండున్నర సెంటీమీటర్లు. ఆ అంకె కొత్తదేమీ కాదు. 1990ల నడుమ అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మైకేల్ ఓకానర్, బ్రాడ్‌ఫర్డ్ పార్కిన్‌సన్‌ల బృందం ఒక జాన్ డీర్ 7800 ట్రాక్టరు మీద నాలుగు జీపీఎస్ యాంటెన్నాలు బిగించి, స్టీరింగ్ మీద మనిషి చెయ్యి లేకుండా పొలంలో నడిపింది. అప్పుడు గీతకూ ట్రాక్టరుకూ వచ్చిన తేడా కూడా ఇంచుమించు ఇంతే. ముప్పై ఏళ్లలో ఉపగ్రహాలు ఎన్నో రెట్లు పెరిగాయి, పరికరాల ధర దిగివచ్చింది, అంకె మాత్రం అక్కడే ఉంది. అంతమాత్రాన ఏది కొన్నా ఒకటేనని అనుకోకూడదు. ఆ రెండున్నర సెంటీమీటర్లు ఎంతసేపు నిలుస్తాయి, నూటికి ఎన్నిసార్లు నిజమవుతాయి, ట్రాక్టరు మీద ఏ చోట కొలిచారు అన్న మూడు ప్రశ్నలకు జవాబు లేకుండా ఆ అంకెకు అర్థం లేదని నా వాదన. ఆ మూడూ అడిగితే, సమానంగా కనిపించే పరికరాలు చాలా దూరం దూరంగా జరిగిపోతాయి. చౌకరకం అనుకున్నది కొన్ని పనులకు చాలునని తేలుతుంది, ఖరీదైనది కొన్ని పొలాల్లో చేతులెత్తేస్తుంది.

ముందు ఈ తప్పులు ఎక్కడ పుడతాయో చూడాలి. జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. అక్కడి నుంచి సంకేతం రావడానికి పట్టిన సమయాన్ని బట్టి రిసీవర్ దూరం లెక్కకడుతుంది. సెకనులో వందకోట్లవ వంతు తేడా వస్తే దూరంలో 30 సెంటీమీటర్ల తేడా వస్తుంది. ఉపగ్రహ గడియారంలో లోపం, దాని కక్ష్య అంచనాలో లోపం, దారిలో అయనోవరణమూ వాతావరణంలోని తేమా చేసే ఆలస్యం, పక్కనున్న చెట్టూ రేకుల షెడ్డూ తిప్పికొట్టే సంకేతాలు, ఇవన్నీ కలిసి మామూలు జీపీఎస్‌ను మీటర్ల తప్పులో ఉంచుతాయి. 2000 మే వరకూ అమెరికా ప్రభుత్వం పౌర సంకేతంలో కావాలనే తప్పు కలిపేది కాబట్టి అప్పట్లో తేడా వంద మీటర్ల దాకా పోయేది. సెంటీమీటర్లకు దిగాలంటే సంకేతం మోసుకొచ్చే కోడ్‌తో సరిపెట్టుకోకుండా, ఆ రేడియో తరంగాన్నే కొలబద్దగా వాడుకోవాలి. జీపీఎస్ ప్రధాన తరంగం పొడవు 19 సెంటీమీటర్లు. దానిలో వందో వంతును కూడా రిసీవర్ కొలవగలదు. చిక్కు ఎక్కడంటే, ఉపగ్రహానికీ తనకూ మధ్య ఇలాంటి తరంగాలు మొత్తం ఎన్ని ఉన్నాయో దానికి ముందుగా తెలియదు. ఆ పూర్ణసంఖ్యను ఎంత త్వరగా, ఎంత నమ్మకంగా తేల్చుకుంటుందన్నదే మార్గదర్శక పద్ధతుల మధ్య అసలు తేడా.

ఆ తేడాను బట్టి వ్యవస్థలు మూడు కుటుంబాలు. మొదటిది విమానాల కోసం పుట్టిన ఉచిత సవరణ సంకేతాలు: అమెరికాకు వాస్, ఐరోపాకు ఎగ్నోస్, మనకు ఇస్రో, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి నెలకొల్పిన గగన్. రెండోది ప్రపంచవ్యాప్త స్టేషన్ల నుంచి ఉపగ్రహాల కక్ష్య, గడియారం తప్పులను లెక్కగట్టి, మరో ఉపగ్రహం ద్వారానో ఇంటర్నెట్ ద్వారానో రిసీవర్‌కు అందించే పీపీపీ పద్ధతి. జాన్ డీర్ స్టార్‌ఫైర్, ట్రింబుల్ ఆర్‌టీఎక్స్ చందా సేవలు ఈ కోవలోవే. ఐరోపా వారి గెలీలియో 2023 జనవరి నుంచి ఇలాంటి సేవనే ఉచితంగా ఇస్తోంది, లక్ష్యం 20 సెంటీమీటర్లు. మూడోది ఆర్‌టీకే. తెలిసిన చోట ఒక బేస్ స్టేషన్ పెట్టి, అది చూసిన తప్పులను రేడియోతోనో మొబైల్ డేటాతోనో ట్రాక్టరుకు చెప్పడం. దగ్గర్లో ఉన్న రెండు రిసీవర్లూ ఒకే ఆకాశాన్ని ఒకే తప్పులతో చూస్తాయి కనుక తీసివేతలో తప్పులు చాలావరకు కొట్టుకుపోతాయి. ఆ పూర్ణసంఖ్య తేలడానికి ఆర్‌టీకేకు సెకన్లు చాలు. పీపీపీకి పది నిమిషాల నుంచి అరగంట పట్టడం మామూలు. మొదటి కుటుంబం ఆ సంఖ్య జోలికే పోదు.

ఇక మొదటి ప్రశ్న, ఎంతసేపు. ఒక సాలు తోలి, మలుపు తిరిగి, పక్క సాలు తోలేటప్పటికి గడిచేది నాలుగైదు నిమిషాలు. అంత తక్కువ సమయంలో అయనోవరణం తప్పు, కక్ష్య తప్పు పెద్దగా మారవు. రెండు సాళ్లూ ఒకే వైపు, ఒకే మేర జరిగి ఉంటాయి. పది నిమిషాలు వెనకబడిన గడియారం కూడా గంట నిడివిని సరిగ్గానే కొలుస్తుంది, ఇదీ అంతే. అందుకే గగన్ తరహా సేవ వాడే మంచి రిసీవర్ తన అసలు స్థానాన్ని మీటరు తప్పు చెబుతూనే, సాలుకు సాలుకు మధ్య ఎడాన్ని ఒక జానెడు తేడాలో నిలబెట్టగలదు. అదే గీత మీదికి రేపు రమ్మంటే మాత్రం మీటరు పక్కన నిలబడుతుంది. అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 12188 ఈ రెండింటినీ విడదీసి, పదిహేను నిమిషాల లోపు తేడాను ఒక లెక్కగా, ఎక్కువ కాలం మీద తేడాను మరో లెక్కగా చెప్పమంటుంది. కంపెనీలూ అడిగితే ఈ తేడా చెబుతాయి. ట్రింబుల్ వారి రేంజ్‌పాయింట్ సేవకు సాలుకు సాలుకు 15 సెంటీమీటర్లు, తిరిగి అదే చోటికి రావడానికి 50 సెంటీమీటర్లు అని వేర్వేరుగా రాసి ఉంటుంది. స్టార్‌ఫైర్ ఎస్ఎఫ్3కి 3 సెంటీమీటర్లు రాసి, అదే గీతకు తిరిగి రావడం గురించిన హామీని ఆ పంటకాలానికే పరిమితం చేశారు. కరపత్రం పైన పెద్ద అక్షరాల్లో ఉండేది చిన్న అంకె, రైతుకు ఎక్కువసార్లు పనికొచ్చేది పెద్ద అంకె.

పంటకాలం దాటితే హామీ ఎందుకు సడలుతుందో తెలుసుకోవడం ముఖ్యం, ఎందుకంటే అది కంపెనీ లోపం కాదు. భూమి కదులుతోంది. ప్రపంచ నిర్దేశ చట్రంలో చూస్తే భారత ఫలకం ఏటా సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యంగా జరుగుతోంది. ఆస్ట్రేలియా ఇంకా వేగంగా, ఏటా 7 సెంటీమీటర్లు పోతోంది. ఆ దేశం 1994లో స్థిరపరచిన అక్షాంశ రేఖాంశాలు 2020 నాటికి 1.8 మీటర్లు తేడా వచ్చాయి, మొత్తం దేశం పటాన్నే సవరించుకోవలసి వచ్చింది. పీపీపీ రిసీవర్ తన స్థానాన్ని ఈ ప్రపంచ చట్రంలో చెబుతుంది. మూడేళ్ల కిందట దాచుకున్న సాలు గీతను ఏ దిద్దుబాటూ లేకుండా మళ్లీ తెరిస్తే, రిసీవర్ ఎంత మేలైనదైనా గీత పదిహేను సెంటీమీటర్లు పక్కకు పడుతుంది. ఆర్‌టీకే బేస్‌కు ఈ బాధ లేదు, పొలంతోపాటే అదీ జరుగుతుంది కనుక. అయితే దాని చిక్కు దానిది. బేస్‌ను సీజను అయ్యాక పీకి, మరుసటి ఏడు పది అడుగులు పక్కన పాతి, దాని స్థానాన్ని మామూలు జీపీఎస్‌తోనే నిర్ణయించి వదిలేస్తే, పాత గీతలన్నీ ఒక్కసారిగా మీటరో రెండు మీటర్లో జరిగిపోతాయి. తెర మీద మాత్రం రెండున్నర సెంటీమీటర్లే కనిపిస్తుంటుంది. బిందుసేద్యం పైపులు భూమిలో పాతుకున్నవాళ్లు, శాశ్వత బోదెల మీద సేద్యం చేసేవాళ్లు, చక్రాల దారిని ఏళ్ల తరబడి ఒకే చోట ఉంచాలనుకునేవాళ్లు పరికరం కన్నా ముందు ఈ బేస్ సంగతి తేల్చుకోవాలి.

రెండో ప్రశ్న, నూటికి ఎన్నిసార్లు. తప్పులన్నీ ఒకే మాదిరిగా ఉండవు, ఎక్కువ భాగం చిన్నవి, కొన్ని పెద్దవి. ఒక కంపెనీ తన అంకెను 68 శాతం హద్దుగా చెబుతుంది, మరొకటి 95 శాతం హద్దుగా. మొదటి లెక్కలో రెండున్నర సెంటీమీటర్లంటే నూటికి 32 చోట్ల దాన్ని దాటిందనే అర్థం. అదే పరికరాన్ని రెండో లెక్కలోకి మారిస్తే 5 సెంటీమీటర్లవుతుంది. అంటే కరపత్రంలో సమానంగా కనిపించే రెండింటిలో ఒకటి రెండో దానిలో సగం మేలు మాత్రమే కావచ్చు. ఇది గణితం వేడుక కాదు. పత్తిలో 90 సెంటీమీటర్ల సాళ్ల మధ్య ట్రాక్టరు గుంటక తోలాలనుకుందాం. విత్తేటప్పుడు గొర్రు 5 సెంటీమీటర్లు తప్పొచ్చు, గుంటక తోలేటప్పుడు మరో 5 తప్పొచ్చు. రెండూ కలిస్తే అదే హద్దు 7 సెంటీమీటర్లు అవుతుంది, రెండూ ఎదురెదురుగా పోతే 10. మొక్కకు అటూ ఇటూ పది సెంటీమీటర్లు వదిలిన రైతు పైరు బతుకుతుంది, ఐదు వదిలిన రైతు పైరు తెగుతుంది. అంకె ఏ శాతానిదో తెలియకపోతే ఎంత వదలాలో తెలియదు. ఈ విషయంలో జపాన్ పద్ధతి నాకు నచ్చుతుంది. అక్కడి మిచిబికి ఉపగ్రహాలు, సుమారు 1300 నేల స్టేషన్ల ఆధారంతో ఇచ్చే సెంటీమీటర్ల సేవ తన కచ్చితత్వాన్ని 95 శాతం హద్దుతో, నిలబడి ఉన్న రిసీవర్‌కు 6 సెంటీమీటర్లు, కదులుతున్న రిసీవర్‌కు 12 సెంటీమీటర్లు అని విడివిడిగా ప్రకటించింది. పోటీ కరపత్రాల పక్కన పెడితే 12 పెద్దగా కనిపిస్తుంది. కానీ ఆ అంకె పట్టుకుని లెక్క వేసుకోవచ్చు.

మూడో ప్రశ్న, ఎక్కడ కొలిచారు. దీనికే తక్కువ జవాబులు దొరుకుతాయి, పొలంలో తేడా ఎక్కువగా తెచ్చేది కూడా ఇదే. ఉపగ్రహం చెప్పేది యాంటెన్నా ఉన్న చోటు. విత్తనం పడేది నేల మీద, ట్రాక్టరు వెనక. యాంటెన్నా నేల నుంచి మూడు మీటర్ల ఎత్తున ఉంటే, ట్రాక్టరు ఒక్క డిగ్రీ పక్కకు ఒరిగినా అది 5 సెంటీమీటర్లు జరుగుతుంది. ఐదు డిగ్రీలు ఒరిగితే 26 సెంటీమీటర్లు. ఒక చక్రం సాలులో, మరొకటి గట్టి నేల మీద నడిచే దుక్కిలో ఐదు డిగ్రీలు అరుదేమీ కాదు. ఈ ఒరుగును కనిపెట్టి సరిదిద్దే సెన్సర్ లేని ఆర్‌టీకే కన్నా, అది ఉన్న పీపీపీ వాలు చేలో మెరుగ్గా పనిచేస్తుంది. తర్వాత స్టీరింగ్. గంటకు పది కిలోమీటర్ల వేగంలో ట్రాక్టరు సెకనుకు 2.8 మీటర్లు పోతుంది. కొలతకూ చక్రం తిరగడానికీ మధ్య ఐదో వంతు సెకను ఆలస్యమైతే అర మీటరు దాటిపోయినట్టే. పాత ట్రాక్టరు స్టీరింగ్ చక్రానికి మోటారు తగిలించి తిప్పడానికీ, హైడ్రాలిక్ వాల్వ్‌తో చక్రాలనే నేరుగా తిప్పడానికీ తేడా ఇక్కడ బయటపడుతుంది. ఆపైన మూడు చోట్ల తగిలించిన గొర్రుకు ఉండే ఆట, మెత్తని నేలలో అది పక్కకు లాగడం. ఇవన్నీ చేరితే, యాంటెన్నా దగ్గర రెండున్నర సెంటీమీటర్లు విత్తనం దగ్గర ఎంతవుతాయో ఉపగ్రహానికి తెలియదు.

దీన్ని బయటివాళ్లు కొలిచి చూపాలన్న ప్రయత్నం అమెరికాలో జరిగింది. ట్రాక్టరు కంపెనీల గొప్పల్ని పరీక్షించడానికే 1919లో చట్టం చేసిన నెబ్రాస్కా రాష్ట్రంలో విశ్వవిద్యాలయ పరిశోధకులు నేల మీద గీత గీసి, ట్రాక్టరుకు కింది వైపు చూసే కెమెరా బిగించి, ప్రతి సాలులో గీతకు ఎంత దూరం పోయిందో నేరుగా కొలిచే పద్ధతిని రూపొందించారు. ఇలాంటి పని నుంచే ఐఎస్ఓ ప్రమాణం రెండో భాగం 2012లో వచ్చింది. అయితే ప్రమాణం ఉంది కదా, వాదన ముగిసింది కదా అనలేం. అది కొలిచేది చదునైన నేల మీద తిన్నని నడక. అలా చేయడంలో తప్పు లేదు, పరీక్ష ఎక్కడ చేసినా ఒకే ఫలితం రావాలంటే ముందు సులువైన నేల మీదే మొదలుపెట్టాలి. కానీ దమ్ము చేసిన వరిమడిలో కేజ్ వీల్స్‌తో జారుతూ పోయే ట్రాక్టరు గురించి గానీ, పదునెక్కువైన నల్లరేగడిలో పక్కకు లాగే గొర్రు గురించి గానీ ఆ పరీక్ష ఏమీ చెప్పదు.

ఇక్కడ నాలుగో విషయం ఒకటి చేరుతుంది, అది మన ఆకాశం. భూ అయస్కాంత మధ్యరేఖ తమిళనాడు దక్షిణ కొసన తిరునెల్వేలి దగ్గర పోతుంది. ఆ రేఖ మీద పైకి లేచిన విద్యుదావేశ కణాలు ఉత్తరంగా భోపాల్, అహ్మదాబాద్, కోల్‌కతా అక్షాంశాల వైపు పోగుపడతాయి. తెలుగు నేల సరిగ్గా ఈ రెంటి నడుమ, ఏటవాలు మీద ఉంది. అందువల్ల ఇరవై కిలోమీటర్ల దూరంలోని బేస్‌కూ ట్రాక్టరుకూ ఆకాశం ఒకేలా కనిపించకపోవచ్చు. మామూలుగా ఆర్‌టీకేలో దూరం కిలోమీటరు పెరిగితే తప్పు మిల్లీమీటరు పెరుగుతుందంటారు. ఆ సూత్రం సమశీతోష్ణ దేశాలకు సరిపోయినంతగా ఇక్కడ సరిపోదు. సౌర చర్య ఎక్కువగా ఉన్న ఏళ్లలో, మార్చి ఏప్రిల్, సెప్టెంబరు అక్టోబరు నెలల్లో పొద్దుగూకాక సంకేతాలు మినుకుమినుకుమని తెగిపోవడం కూడా ఈ అక్షాంశాల లక్షణమే. ఆంధ్ర విశ్వవిద్యాలయం, ఉస్మానియా విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు గగన్ కోసం ఈ అయనోవరణాన్ని ఏళ్ల తరబడి అధ్యయనం చేశారు, ఆ జ్ఞానం మనకు చేతిలో ఉంది. పగటి దుక్కికి ఈ ఇబ్బంది తక్కువే. రాత్రిపూట యంత్రాలు నడిపే కోతల కాలానికి మాత్రం లెక్కలోకి తీసుకోవలసిందే.

వ్యవస్థ పూర్తిగా ఆగిపోయే రోజులనూ కచ్చితత్వంలో భాగంగానే చూడాలి. 2023 ఏప్రిల్ 17న ఇన్‌మార్‌శాట్ ఉపగ్రహం ఒకటి మూగబోయినప్పుడు, దాని ద్వారా పీపీపీ సవరణలు అందుకునే ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ ట్రాక్టర్లు విత్తనాల అదనులో గీత కోల్పోయాయి. సొంత బేస్ ఉన్న ఆర్‌టీకేకు ఆ ఉపగ్రహంతో పనిలేదు. మరుసటి ఏడు మే 10, 11 తేదీల్లో వచ్చిన సౌర తుఫానుకు అమెరికా మధ్య రాష్ట్రాల్లో సరిగ్గా మొక్కజొన్న విత్తే వేళ ఆర్‌టీకే వ్యవస్థలే తడబడ్డాయి. ఆ గంటల్లో విత్తిన సాళ్లు తెర మీద కనిపించిన చోట ఉండవని, తర్వాత ఎరువు వేయడానికి పోయినప్పుడు చక్రాలు పైరు మీద పడతాయని అక్కడి డీలర్లు రైతులను హెచ్చరించారు. ఒక పద్ధతి పడిపోయిన రోజున మరొకటి నిలబడింది, ఏదీ ప్రతిరోజూ నిలబడలేదు.

2015-16 వ్యవసాయ గణన ప్రకారం మన కమతం సగటున 1.08 హెక్టార్లు, ఇంత చిన్న చెక్కలో సెంటీమీటర్ల గొడవ ఎందుకని ఎవరైనా అడిగితే ఆ అభ్యంతరంలో సగం నిజం ఉంది. దుక్కి దున్నడానికి, రోటవేటర్ తోలడానికి ఆటోస్టీర్ అక్కరలేదు. అనుభవమున్న డ్రైవరు కన్ను చాలు. నాలుగు సాళ్లకొకసారి గట్టు దగ్గర తిరిగే మడిలో మలుపుకే సమయం పోతుంది. గట్టు మీద తాటిచెట్లు ఆకాశాన్ని కప్పితే మంచి రిసీవర్ కూడా తడబడుతుంది. కానీ మన ట్రాక్టర్లు ఒక్క రైతు చెక్కలోనే పనిచేయవు. అద్దెకు ఊరంతా తిరుగుతాయి. కూలీలు దొరక్క కలుపు పని యంత్రం మీద పడుతున్న పత్తి, మొక్కజొన్న, మిరప చేలల్లో సాలు తిన్నగా ఉండటం కన్నా సాలు ఎక్కడుందో గుర్తుండటం ముఖ్యం. విత్తిన ట్రాక్టరు వేరు, గుంటక తోలే ట్రాక్టరు వేరు, మధ్యలో నెల తేడా. ఇక్కడ కావలసింది పదిహేను నిమిషాల కచ్చితత్వం కాదు, నెల నిలిచే కచ్చితత్వం, అదీ ఒక పరికరం గీసిన గీతను మరో పరికరం చదవగలిగేట్టు. గగన్ స్థాయి సేవ ఈ పనికి ఎన్నటికీ రాదు. పన్నెండు మీటర్ల బూమ్‌తో మందు కొట్టడానికి మాత్రం అదే చాలు, ముప్పై సెంటీమీటర్లు ఒకదానిమీదొకటి పడినా రెండున్నర శాతం మందే వృథా. విత్తడానికి, అంతరసేద్యానికి ఆర్‌టీకే కావాలి, లేదా స్థిరపడే దాకా ఓపిక పట్టే మంచి పీపీపీ కావాలి.

అలాగైతే నేరుగా ఆర్‌టీకే కొంటే సరిపోతుంది కదా అన్నది రెండో అభ్యంతరం. ఇది బలమైనదే, నా తీర్పు కూడా చివరికి అటే మొగ్గుతుంది, కానీ ఒక షరతు మీద. ఒక్కో రైతు ఒక్కో బేస్ కొనడం డబ్బు వృథా, ఎవరి బేస్ వారిదైతే ఒకరి గీత మరొకరికి పనికిరాదు. దేశమంతటా సర్వే ఆఫ్ ఇండియా నిరంతరం నడిచే కోర్స్ బేస్ స్టేషన్లను వెయ్యికి పైగా నెలకొల్పింది. ఆంధ్రప్రదేశ్ భూముల రీసర్వే కూడా ఇలాంటి బేస్ స్టేషన్ల ఆధారంగానే సాగింది. పొలం హద్దు కొలిచిన ఆ ఏర్పాటే ట్రాక్టరు సాలునూ కొలవగలదు. అందరికీ ఒకే మూలం ఉంటే, ఒక ఊళ్లో గీసిన గీత పై ఏడు మరో ట్రాక్టరుకూ చెల్లుతుంది. మొబైల్ డేటా తెగే ఊళ్లలో కాసేపు పీపీపీ చేయూత ఉండాలి, స్టేషన్ల మధ్య దూరం మన అయనోవరణాన్ని బట్టి తగ్గాలి. ఈ రెండూ ఖర్చుతో కూడినవే అయినా పంచుకోదగిన ఖర్చు.

కాబట్టి కొనేవారికి నా మాట: అంకె వినగానే, అది పదిహేను నిమిషాలదా ఏడాదిదా, 68 శాతమా 95 శాతమా, యాంటెన్నా దగ్గరా గొర్రు దగ్గరా అని అడగండి. జవాబు కాగితం మీద రాయించుకోండి. ఒరుగును సరిదిద్దే సెన్సర్ లేని పరికరాన్ని, అది ఆర్‌టీకే అయినా, విత్తనానికి వాడకండి. ప్రభుత్వానికి విజ్ఞప్తి ఒకటి. సేద్య యంత్రాలను పరీక్షించే కేంద్ర సంస్థ ఒకటి అనంతపురం జిల్లా గార్లదిన్నెలోనే ఉంది. ఆటోస్టీర్ పరికరాలను అక్కడ ఐఎస్ఓ పద్ధతిలో ఒకసారి, రేగడి చేలో గొర్రు కట్టి ఒకసారి, దమ్ము మడిలో ఒకసారి నడిపించాలి. విత్తనం పడిన చోటుకూ గీతకూ ఉన్న దూరాన్ని కొలిచి, కంపెనీ పేరుతో సహా ఆ ఫలితాలను తెలుగులో అచ్చువేయాలి.